ఉమ్మడి ఆఫీసులో మొదటి డీల్

నిన్నటిదాకా పోటీపడ్డ షేర్లు కొని అమ్మే రెండు కంపెనీలు కలిసి గచ్చిబౌలిలో ఉమ్మడి ఆఫీసు తెరిచిన ఉదయం. పక్క కుర్చీలో ఎవరితోనో "జర ఆగండి, చూసి చెప్త" అంటున్న గొంతు విని, ఒక కంపెనీ లెక్కలు చూసే ఆమె గిరుక్కున తిరిగింది.

"మీరేనా అండీ, అవతలి కంపెనీ నుంచి ఇన్నేళ్లూ నాతో ఫోన్లో పోట్లాడింది?"

"ఓ, మీరా మేడమ్. ఏ డీల్ లెక్క కలవకున్నా 'తప్పు మీ వైపే' అనేటోళ్లు."

"మీ వైపే ఉండేదండి."

"మీరొక లెక్క రాస్తే మేమొకటి రాస్తిమి. ఇగ రెండు కంపెనీల అంకెలు ఒకటే లెక్కల పడతయి."

"పనిచేస్తుందంటారా? నాకు రాత్రంతా నిద్రపట్టలేదు."

"నాకు గూడ పట్టలే. అగో, మొదటి డీల్ వచ్చింది."

ఇద్దరి తెరల మీదా ఎర్రగీత వెలిగింది. రెండు వైపుల అంకెలు కలవలేదు. అలవాటుకొద్దీ ఆమె వేళ్లు కంఠతా వచ్చిన నంబరు నొక్కేశాయి. పక్క కుర్చీలో ఫోన్ మోగింది. అతనూ అలవాటుగానే ఎత్తాడు.

"చెప్పండి మేడమ్."

"తప్పు మీ వైపే ఉందండి."

"మా వైపంటే ఇప్పుడు ఎటు మేడమ్?"

ఆమె నవ్వాపుకోలేక కుర్చీ అతని పక్కకు జరిపింది. లెక్క కలిసి ఆ గీత పచ్చబడేదాకా ఫోన్లు పెట్టేయాలని ఇద్దరికీ తోచలేదు.