సింధు కొరికిన చెవి

స్టేషన్ ఘన్‌పూర్ బస్టాండులో బొమ్మలు చేసే అక్క, పిల్లల బొమ్మల కథలు గీసే తమ్ముడు ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ఆమె ఒళ్లో కొత్త రంగుల పుస్తకం ఉంది.

“నీ బొమ్మను చూసి గీసిన కుందేలే అక్కా. ఈసారి హైదరాబాద్ కంపెనీ అచ్చేసింది.”

“జనగామల ఏసిన మొదటి పుస్తకంల చెవికి గాటు ఉండె గదా?”

“ఉండె. సింధు కొరికిందనే రాసిన.”

“రెండోదాంట్ల పులి కొరికిందని రాసినవు. పిల్లలకు మజా వస్తదంటివి, ఊకున్న.”

“కథ మంచిగ నడిచింది గదక్కా.”

“మరి గీ పుస్తకంల రెండు చెవులు మంచిగనే ఉన్నయేంది?”

“కంపెనోళ్లు గాటు వద్దన్నరు. పుస్తకంతోని బొమ్మ గూడ అమ్ముతరట. నువ్వే చెయ్యాలె, గాటు లేకుంట.”

“బొమ్మకు పెట్టిన చింతగింజల ముద్ద ఆరకముందే దాని చెవిని నోట్లె పెట్టుకున్నది నా బిడ్డ సింధు. జరంత ముద్ద పెడితే గాటు పూడిపోతుండె. నేను పెట్టలే. ఎందుకో ఎరికేనా?”

“ఎరికే అక్కా.”

“బిడ్డ పోయినంక నాకు మిగిలింది ఆ పంటి గాటొక్కటే. గదంత ఎరికుండి గూడ నీ చేతులతోనే పూడ్చినవా తమ్మీ?”