ఉడతలు తినే మొక్క

కల్లూరు రోడ్డు పక్క నర్సరీలో మొక్కలకు నీళ్లు పడుతున్న ప్రేమజ్యోతి దగ్గరికి ఓబుళేశు వచ్చి నిలబడ్డాడు.

"ఉడతలు తినే మొక్క ఏదన్నా ఉండాదామ్మా? ఇంట్లో రెండిట్ని సాకుతాండాం."

"గన్నేరు మాత్రం పెట్టొద్దన్నా, అది విషం. మందారమైతే ఆకూ పువ్వూ రెండూ తింటాయి. జామ కూడా మంచిదే."

"జామ ఎప్పుడు కాస్తాది?"

"రెండేండ్లన్నా పడతాది. అంతదాకా శెనక్కాయలు నీ చేత్తో పెట్టు."

"నా చేత్తో తినవమ్మా. కండ్లు తెరవని కూనలప్పటి నుంచి మా ఇంటామె చేతిదే అలవాటు."

"అయితే అక్కను పిల్చుకొని రా. మొక్క ఆమే ఏరుకుంటాది."

"ఆమె పోయి నెలాయెనమ్మా. అవి ఆమె కొంగులోనే పండుకునేవి. నిన్న ఆ చీర భుజాన కప్పుకొని కూర్చున్నా. రెండూ ఉరుక్కుంటా నా మీదికెక్కినాయి. నా మొగం చూసి దిగిపోయినాయి."

ప్రేమజ్యోతి పైపు కింద పెట్టి, పూసిన మందారం కుండీ ఒకటి తెచ్చి అతని చేతికిచ్చింది.

"ఆమె కూర్చునే చోట పెట్టన్నా."

"ఆడ ఇప్పుడు నేను కూర్చుంటాండానమ్మా, అవి వస్తాయేమోనని."

"అట్లయితే ఇది ఒళ్లో పెట్టుకొని కూర్చో. పువ్వు కోసమన్నా వస్తాయి."