ఎనిమిదో కాగితం

క్లినిక్కు ఇక శాశ్వతంగా తాళం వేసి పోదామని మధ్యాహ్నం వచ్చిన డాక్టరమ్మ వాకిట్లోనే ఆగిపోయింది. మెట్ల పక్కన గరుకు పలకరాళ్ళు పరిచిన కొత్త ఏటవాలు బాట కనబడింది. దాని మొదట్లో ఆదెమ్మ చేతికర్రతో కూర్చుని ఉంది.

“ఇదెవరు కట్టినారు అవ్వా?”

“పలకల గనిలో పనిచేసే మా పిల్లోళ్ళు. నిన్న ఆదివారమంతా ఇదే పని.”

“నేనడగలేదే!”

“ఇనస్పెట్రు అడిగినాడంట గదా. చక్రాల కుర్చీకి దోవ లేకుంటే క్లినిక్కు మూయిస్తానన్నాడంట.”

“ఏడు అనుమతి కాగితాలకు ఆఫీసుల చుట్టూ తిరిగినా అవ్వా. ఈ ఎనిమిదోదానికి నాకు ఓపిక చాల్లేదు. అయినా వాలు కొలుస్తారు, అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు...”

“లారీకి రాయెక్కించేటోళ్ళకు వాలు నేర్పుతావా? ఇనస్పెట్రు పొద్దున్నే వచ్చి టేపు పెట్టి చూసుకున్నాడు. ఇదో, సంతకం పెట్టిచ్చిన కాయితం.”

డాక్టరమ్మ రెండుసార్లు చదివింది. చేతిలోని తాళంకప్పను సంచిలో పడేసింది.

“రా అవ్వా, లోపలికి పోదాం.”

“నువ్వాగు. మెట్లెక్కలేక మూడేండ్లు వీధిలోనే సూది ఏయించుకున్నా. కొలిచింది ఆయప్పే గానీ, ముందు ఎక్కేది నేను.”