తలుపు కోసం పళ్ళు

ఇప్పుడొచ్చావా తమ్ముడూ! సర్కారు అద్దె ఇళ్ళలో ముఖం చూసి తలుపు తీసే మిషన్లు ఉండకూడదని చట్టం వచ్చి ఐదు నెలలైంది. ఊడదీయడానికి ఇవాళ తీరిక దొరికిందా మీ ఆఫీసు వాళ్ళకి? పెట్టేటప్పుడు మాత్రం ఒక్క పూటలో పెట్టేశారు.

ఉండుండు, ఆ స్టూలు ఊగుతుంది. నేను పట్టుకుంటాలే, నువ్వు కానివ్వు.

ఈ మిషన్ మా అత్తయ్యని పొట్టన పెట్టుకుందని నీకు తెలుసా? పేపర్లో ఫోటో వేశారుగా, బుగ్గలు లోపలికి పోయిన ముసలావిడ, ఆవిడే. నేను కోడల్ని. ఈ తలుపు దాటి పైకెళ్తే నాలుగో అంతస్తు మాది. మా ఆయన పోయాక ఇద్దరమే ఉండేవాళ్ళం.

అసలు పొరపాటు ఎక్కడ జరిగిందంటే, ముఖాలు ఎక్కించుకునే రోజు అత్తయ్య ముస్తాబై వెళ్ళింది. ఫోటో అన్నారు కదా మరి! ఎప్పుడూ పెట్టుకోని పళ్ళ సెట్టు పెట్టుకుని నవ్వింది. అంతే, మిషన్‌కి ఆ ముఖమే గుర్తుండిపోయింది. పళ్ళు లేకుండా నిలబడితే నువ్వెవరో పొమ్మంటుంది. మార్చండి బాబూ అని ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగాం! ఒకసారి ఎక్కిన ముఖం మారదట.

ఆ సెట్టు ఒరుసుకుని చిగుళ్ళు పుళ్ళు పడేవి. అందుకని చిన్న డబ్బాలో వేసుకుని తిరిగేది. ఇక్కడికొచ్చాక డబ్బా తెరిచి, పళ్ళు పెట్టుకుని, మిషన్‌కి ఒక నవ్వు నవ్వి, లోపలికొచ్చాక తీసేసేది. "అందరూ తినడానికి పళ్ళు కట్టించుకుంటారు, నేను తలుపు తీయించుకోవడానికి కట్టించుకున్నానే" అనేది. నవ్వలేక చచ్చేదాన్ని.

నవ్వొస్తోందా? నవ్వు, పర్లేదు.

ఆ రోజు వాన. మామూలు వాన కాదు. నేను డ్యూటీలో ఉన్నా, ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడతాను. బయటికెళ్ళి వచ్చి ఆవిడ డబ్బా తెరిస్తే పళ్ళు లేవు. మూడు గంటలు నిలబడిందట తమ్ముడూ, ఇదిగో, ఈ రాళ్ళ మీదే. పైన చూరైనా లేదు చూడు. మూడో అంతస్తు డ్రైవరు, మా ఎదురింటి టీచరమ్మ, అందరూ రోజూ పలకరించేవాళ్ళే. వాళ్ళ ముఖాలు చూపించుకుని లోపలికెళ్ళిపోయారు. ఒక్కరూ తలుపు పట్టుకోలేదు. మిషన్ ఒప్పుకోని మనిషిని లోపలికి రానిస్తే నోటీసు. మూడు నోటీసులొస్తే ఇల్లు ఖాళీ. వాళ్ళనేం అనగలం? నేనైనా అదే చేసేదాన్ని.

వారం తిరక్కుండా నెమ్ము చేరి ప్రాణం పోయింది.

ఆ తర్వాతేగా గొడవంతా! సంతకాలు, ఊరేగింపు, విచారణ. కమిటీ ముందు నన్ను మాట్లాడమన్నారు. మైకు పట్టుకుని ఏడ్చాను. "పళ్ళు ఏమయ్యాయమ్మా?" అని ఒకాయన అడిగాడు. ఎక్కడో పడిపోయుంటాయండీ అన్నాను. రాసుకున్నారు.

ఏంటి ఆగావ్? స్క్రూ తిరగట్లేదా? తుప్పు పట్టుంటుంది. మెల్లగా కానివ్వు.

ఆ వానకి ముందు వారం మాకు నోటీసొచ్చింది. రెండోది. మా తమ్ముడు పని పోయి, మూడు రోజుల చుట్టం అనుమతి మీద మా ఇంటికొచ్చాడు. బయటికెళ్తే మళ్ళీ రానివ్వదని పదిరోజులు గడప దాటలేదు వెధవ. అత్తయ్య నోట్లో నువ్వుగింజ నానదు. బస్టాపు బెంచీ మీద కూర్చుని కనిపించినవాళ్ళందరికీ చెప్పింది. ఎవరో ఆఫీసులో చేరేశారు. వాణ్ణి పంపేశాను గానీ, ఆవిడ నోరు మాత్రం కట్టలేకపోయాను.

ఇంకొక్క నోటీసొస్తే ఇల్లు పోతుందే! ఇంట్లో పడుండమని కాళ్ళావేళ్ళా పడ్డాను. వింటేగా! ఆ పొద్దున డ్యూటీకెళ్తూ డబ్బాలోంచి పళ్ళు తీసి నా సంచిలో వేసుకున్నాను. మూత పెట్టి డబ్బా అక్కడే ఉంచాను. లేవని చూసుకుని ఆగిపోతుందిలే అనుకున్నా.

అబద్ధం. తలుపు దగ్గరికొచ్చేదాకా ఆవిడ డబ్బా తెరవదని నాకు తెలుసు. ఒక్కసారి బయట నిలబడితే బుద్ధొస్తుందనుకున్నాను. వానొస్తుందని మాత్రం తెలీదు.

లాండ్రీలో కిటికీ ఉంది తమ్ముడూ. వాన కనిపిస్తూనే ఉంది. సంచి పక్కనే ఉంది. బస్సెక్కితే పావుగంట. డ్యూటీ అయ్యేదాకా దుప్పట్లు మడతపెడుతూనే ఉన్నాను. వచ్చి సంచిలోంచి పళ్ళు తీసి చేతిలో పెడితే, పెట్టుకుని లోపలికొచ్చింది.

మంచంలో ఉన్న ఆ వారం రోజులూ నన్నొక్క మాట అడగలేదు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి!

ఇదిగో, ఇవే. రోజూ కడుగుతాను. ఎందుకో నాకే తెలీదు.

అలా చూడకు. మిషన్ మంచిదని చెప్పట్లేదు. పీకి అవతల పారెయ్. అందులో ఆవిడ నవ్విన ముఖం ఇంకా ఉందా? తెలీదా? నీకేం తెలుస్తుందిలే, స్క్రూలు విప్పేవాడివి.

ఎక్కడ పెట్టాలి సంతకం? ఇక్కడా? ఏంటీ, ఇంటికి రెండు తాళంచెవులా?

ఒకటి చాలు తమ్ముడూ. రెండోది పట్టుకెళ్ళు.