ఆగు, బ్రాకెట్లో ఇరవై

హలో… ఆ, నేనే. పెదనాన్ననే, తెనాలి నుంచి… ఎత్తావు, సంతోషం. పొద్దుట్నుంచీ చేస్తూనే ఉన్నానే శ్రీనిధీ!… క్లాసులో ఉన్నావా? ఆదివారం కూడానా?… కావాలనే ఎత్తలేదా? ఆ, అలా ఒప్పుకో.

కోపమా, నాకా?… ఉంది. ఎందుకుండదు? రాత్రి బాపట్లలో అడవి సీను. రాజు వేషంలో నేను. పద్యం చివర రాగం అందుకున్నా, జనం ఈలలు… ఠపీమని నీ కంప్యూటరు లైట్లారిపోయి చీకటి! మళ్ళీ వెలిగేసరికి వెనక అంతఃపురం తెర. చెలికత్తెలు కూడా వచ్చేశారు. అడవిలో తిరగాల్సిన వాణ్ణి, నోరు తెరుచుకుని రాణి పక్కన నిలబడ్డానే!… నవ్వకు… సరే, నవ్వు. మీ పెద్దమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది.

అది కాదు. ఇవాళ రేపల్లె నాటకానికి రానని మన నాటకం కంపెనీ మేనేజరు జనార్దనరావుకి మెసేజి పెట్టావంటగా?… నన్నడగొద్దూ? వాడసలే కంపెనీ మొత్తం వాడిదే అన్నట్టు, టెంటు హౌసు వాళ్ళ లైట్లు మాట్లాడేస్తున్నాడు.

ఉండు. ముందు ఎక్కడ తేడా కొట్టిందో చెప్పు… లైట్లకని నువ్వు కట్టిన బుల్లి భాష, ఊఁ… కంప్యూటరు ఒక్కో లైనే చదివి, చదివింది చదివినట్టు చేసుకుపోతుంది. మన ప్రాంప్టరులాగా. తెలిసింది… బిల్టిన్లా? అవేంటి?… ఓహో. మళ్ళీ నేర్పక్కర్లేకుండా, దానికి ముందే వచ్చిన పనులు. వెలుగు, ఆర్పు, రంగు, ఆగు… నాలుగేనా? నయమే. జనార్దనరావుకి రెండే వచ్చు, అరవడం, అలగడం.

ఆ "ఆగు" పక్కన బ్రాకెట్లో ఏం రాశావు?… ఇరవై సెకన్లా! నా రాగానికా!… రిహార్సల్లో గడియారం పెట్టి చూశావా? ఓసి పిచ్చిదానా! రిహార్సల్లో ఎవరైనా నిండుగా పాడతారటే? గొంతు దాచుకోమూ? తీరా స్టేజీ మీద జనం "వన్స్ మోర్" అన్నాక నేనెప్పుడు ఆపుతానో నాకే తెలీదు.

…ఆ, హార్మణీ వాయించే మార్కుకి తెలుస్తుంది. ఎలాగంటే, ఆపబోయే ముందు నా ఎడం చెయ్యి కిందికి దిగుతుంది. వాడు దాన్నే చూస్తుంటాడు… ఏంటీ? మీట నొక్కేదాకా ఆగే పని కూడా దానికి పెట్టొచ్చా? ఎప్పటికవుతుంది?… ఇప్పుడే? ఆ టకటకలు అవేనా. కొట్టు, కొట్టు.

…మనిషి కూర్చుని నొక్కాలి, అంతేగా? కూర్చో!… టెంటు హౌసు కుర్రాడా? వాడూ నొక్కుతాడే, కాదన్లేదు. నన్ను చూడడు, ఫోను చూసుకుంటాడు. నువ్వు చిన్నప్పట్నుంచీ తెర పక్కన నుంచుని, అన్నం కూడా మర్చిపోయి నన్ను చూసినదానివి. నాకు కావాల్సింది లైట్లు కాదు, నువ్వు.

…ఏంటే, ఏడుస్తున్నావా?… జలుబా. సరే, జలుబే.

పేరా? కొత్త పనికి పేరు కూడా కావాలా? ఏదో ఒకటి పెట్టెయ్… పెట్టేశావా? ఏమని?… "పెదనాన్న"!… హవ్వ! లైట్లపనికి నా పేరేంటే!… మరి బ్రాకెట్లో?… ఏమీ రాయక్కర్లేదా? ఖాళీగానే?… ఎంతసేపైతే అంతసేపు…

త్వరగా కానివ్వండి అన్నవాళ్ళేగానీ, ఎంతసేపైతే అంతసేపు పాడమన్నవాళ్ళు ఇంతవరకూ లేరు… గొంతా? జలుబు. నీదే అంటుకుంది.

అయితే నేను ఈ సాయంత్రం రైలుకే రేపల్లె వస్తా. నువ్వు బాపట్లలో బస్సెక్కు… జనార్దనరావు సంగతి నాకొదిలెయ్. వేషంలోనే ఉంటాగా, రాజాజ్ఞ అంటా.

ఆగాగు, పెట్టెయ్యకు. ఓసారి చూద్దాం. నేను పాడతా, నువ్వు మీట మీద వేలుంచు… అవును, ఫోన్లో చెయ్యి కనపడదుగా… అయినా తెలుస్తుందా? అబ్బో! చూద్దాం… ఆఁ… ఆఁఆఁ… నొక్కావా?… లేదా? ఇంకా ఉందంటావా… ఆఁఆఁఆఁ… ఏమేవ్, స్టేషనుకి ఆటో వచ్చేస్తే కాస్త ఆగమను!… ఆఁఆఁ… ఆఁ…

…నొక్కేశావా? ఎప్పుడు?… ఇప్పుడే?

ఇప్పుడేనే చెయ్యి దించాను!… రా తల్లీ, రా. ఉంటా.