కాఫీ మందు

"ఐస్ లేదురా."

"ట్రే నిండా ఉంది కదక్కా. ఇప్పుడే చూశాను."

"అది సరిగా గడ్డకట్టలేదు. పొద్దున్న లైటు పోయింది."

"గడ్డకట్టకపోవడమేటి, నా వేలు అంటుకుపోయింది. సర్లే, నిమ్మకాయ ఇయ్యి."

"నిమ్మకాయల్లేవు."

"కూరల బుట్టలో రెండున్నాయి. ఏటక్కా నువ్వు, ఏటడిగినా లేదంటావు?"

1996 వేసవి, ఒక ఆదివారం మధ్యాహ్నం. భిలాయి ఖుర్సీపార్‌లో అక్క లూసీ ఇంటి వంటగదిలో, గట్టు మీద రెండు సీసాలు పెట్టుకుని నిలబడ్డాడు ఇమ్మాను. అతను ఓడలో స్టీవర్డు. భార్య పోయి ఏడాదయింది. ఎనిమిదేళ్ల కూతురు వెరోనికాని అక్క దగ్గర వదిలి, ఎల్లుండి బొంబాయిలో ఓడ ఎక్కాలి. పక్కింటి అచ్చమ్మగారు తన పిల్లలతో పాటు వెరోనికాని కూడా మైత్రీబాగ్ జూలో పులిని చూపించడానికి తీసుకెళ్లింది. బావ బాలశౌరికి ఆ రోజు ఉక్కు ప్లాంటులో సెలవు. ముందుగదిలో కూలర్ ఎదురుగా కూర్చున్నాడు.

"బావా, ఓసారి ఇటు రా! చూడాల్సిన తమాషా ఇది."

"నేనిక్కడే బాగున్నానురా. కూలర్ గాలి అక్కడికి రాదు."

"ఆయన్ని పిలవకు ఇమ్మానూ."

"ఏం, పిలిస్తే?"

"ఏమేటి? నీకు తెలీదా? ఆయన మందు ముట్టి మూడేళ్లయింది. ఫాదర్‌గారి ముందు ప్రమాణం చేశారు."

"తెలుసు."

"తెలిసీ ఆయన ఎదురుగుండా సీసాలు పెడతావా?"

"పెడతాను."

"అదేం మాటరా?"

"బావా! నువ్వొస్తావా, నన్నే గ్లాసులు పట్టుకుని అక్కడికి రమ్మంటావా?"

"వస్తున్నా, వస్తున్నా. అరే యార్, ఏంటి గొడవ? చిన్నపిల్లల్లాగా ఇద్దరూ."

"ఇదిగో, ఈ తెల్లది టెకీలా. మెక్సికో సరుకు. మన రైలుపట్టాల పక్కన కిత్తనార ఉంటది చూడు, ముళ్ల ఆకులు, ఆ జాతి మొక్క దుంపలోంచి తీస్తారు."

"దుంపలోంచా? భలే."

"ఈ నల్ల సీసా కాఫీ మందు. కాఫీ, పంచదార, సారా. మా కెప్టెన్‌కి రోజూ నేనే కలిపిచ్చేవాణ్ణి. తెల్లది రెండు పాళ్లు, నల్లది ఒక పాలు, ఐసు, పైన నిమ్మచెక్క. బస్."

"ఆ నల్లది వద్దులే ఇమ్మానూ. తెల్లదాంట్లో నిమ్మకాయ పిండుకుని తాగెయ్యి."

"ఇందాక నిమ్మకాయే లేదన్నావు!"

"అది కాదురా. ఈ ఎండలో కాఫీ వేడి చేస్తాది. రేపు రైల్లో పడుకోలేవు."

"ఓడలో ఇంజను గది పక్కన పడుకునేవాణ్ణి నేను. నాకు వేడేటి? పదిరోజులు నీ బీరువాలో దాచింది పారేసుకోడానికా?"

"దాచమన్నావు, దాచాను."

"మరి వైజాగ్ పట్టుకెళ్లమంటావా? అక్కడ మందు బంద్. సీసాతో దొరికితే నేను లోపల, ఓడ సముద్రంలో. అందుకే కదా ఇక్కడ పెట్టి పిల్లని తేవడానికి ఒట్టి చేతుల్తో వెళ్లాను."

"సర్లే. ఎన్నిసార్లు చెప్తావు?"

"బావా, గ్లాసు పట్టు. నీకొకటి, నాకొకటి."

"నాకొద్దు."

"ఒక్కటి బావా. ఎల్లుండి ఓడెక్కేస్తన్నాను. మళ్లీ పది నెల్లకి గాని రాను."

"వద్దురా."

"అక్క ఏమీ అనదులే."

"అక్క అంటదని కాదు. నాకే వద్దు."

"పోనీ వాసన చూడు..."

"ఇమ్మానూ, హాథ్ హటా! చెయ్యి తీయ్! నువ్వు తాగు, నేను ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్తాను. నాకు మాత్రం గ్లాసు పెట్టకు. ఇంకోసారి అడిగితే చెప్పులేసుకుని బయటికి పోతాను."

"కోపమొచ్చిందా?"

"వచ్చింది."

"రావాలి. అదే చూద్దామనుకున్నాను."

"ఏం చూద్దామని?"

"నిజం చెప్పేస్తన్నాను బావా, ఏమీ అనుకోకు. ఈ సీసాలు నేను తాగడానికి కొన్లేదు. ఓడలో తాగి తాగి మొహం మొత్తింది నాకు. నీకోసం కొన్నాను. పిల్లని వదిలేముందు నీ ముక్కు దగ్గర పెట్టి చూడాలని."

"అంటే, పరీక్షా?"

"పరీక్షే. తప్పు నాదే. కానీ తల్లి లేని పిల్ల. అక్క తప్ప నాకెవరున్నారు చెప్పు? మూడేళ్ల కిందట నువ్వు తాగి, అయిదో నెల మనిషిని స్కూటరెక్కించుకుని..."

"ఇమ్మానూ! ఆ మాట ఇప్పుడెందుకు?"

"అననీ అక్కా. ఇద్దరూ పడ్డారు, మేనకోడలో మేనల్లుడో పోయింది. నేనప్పుడు సింగపూర్లో ఉన్నాను. నీ ఉత్తరం నెలకి అందింది నాకు. ఆ కాయితం ఇప్పటికీ నా పెట్టెలో ఉంది."

"అననీ లూసీ. వాడన్నది అబద్ధం కాదు. ఇమ్మానూ, నీ స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి. కూతురు కదా. మరి పాసయ్యానా?"

"ఫస్టు క్లాసు. చెయ్యి ఇలా ఇయ్యి బావా. వెరోనికా ఇక్కడే ఉంటది. అంతే, ఇంక మాట లేదు."

"విన్నావా లూసీ? పిల్ల మనింట్లోనే."

"విన్నాను."

"ఏడుస్తావేం మళ్లీ? చూడరా దీన్ని. నెల్రోజుల నుంచి గౌన్లు కుడుతూనే ఉంది. మంచం కొనేదాకా నన్ను నిద్ర పోనివ్వలేదు. బళ్లో పేరు కూడా రాయించేసింది. తీరా నువ్వు ఇస్తానంటే ఏడుపు."

"నాకేమీ లేదు. ఇమ్మానూ, పరీక్ష అయిపోయింది కదా. ఆ సీసాలు నీ పెట్టెలో సర్దేసుకో. అన్నాలు తిందాం."

"ఒక్కటి కలుపుకోనీ అక్కా. పదిరోజులు ఇదే భయంతో తిరిగాను. ఇప్పుడు నిజంగానే తాగాలనిపిస్తంది. టానిక్ సీసా మూత ఏదైనా ఉందా, కొలతకి?"

"వద్దంటన్నాను కదా!"

"అలా అరుస్తావేటి?"

"కలుపుకోనీ లూసీ. వాడి సంబరం వాడిది. ఇదిగోరా మూత, కడిగే ఉంది."

"సరే, మీ ఇష్టం. నేను పెరట్లో బట్టలు తీసుకొస్తాను."

"ఉండక్కా, ఇది చూసి వెళ్దువు గాని. ఒకటి, రెండు. ఇది తెల్లది. ఇప్పుడు నల్లది. బావా, ఇది తేనెలా చిక్కగా ఉంటది. గ్లాసు అంచు మీంచి వదిలితే మెల్లగా అడుక్కి దిగిపోతాది. పైన తెల్లగా, కింద నల్లగా, మధ్యలో గీత గీసినట్టు. చూస్తూ ఉండు."

"చూస్తూనే ఉన్నా. ఏదీ గీత? అంతా కలిసిపోయిందే."

"ఊఁ."

"అలాగే ఉండాలా?"

"ఉండకూడదు. ఆగు, ఇంకో మూత వేస్తాను. ఇదేటిది, సిరా పోసినట్టు పాకిపోతంది?"

"ఎండకి పల్చబడిపోయిందేమోరా. ఆ బీరువా పొయ్యిలా కాగిపోతాది."

"ఎండకి పల్చబడేది కాదక్కా ఇది."

ఇమ్మాను సీసా మూతికి ముక్కు ఆనించి వాసన చూశాడు. అరచేతిలో నాలుగు చుక్కలు వంపుకుని నాలుకకి రాసుకున్నాడు. అతని మొహంలో నవ్వు పోయింది.

"పులిసిపోయింది."

"ఏంటిరా పులిసింది?"

"డికాషన్. ఇంట్లో దించిన డికాషన్ బావా ఇది. పంచదార కలిపి పోశారు. మందు చుక్క లేదు ఇందులో."

"అయితే అమ్మినవాడే మోసం చేసుంటాడు తమ్ముడూ. పరాయి దేశం కదా."

"మోసం కాదక్కా. వైజాగ్ వెళ్లేరోజు నేనే మూత తీశాను. చెంచాతో నీ నాలిక మీద వేశాను. గొంతు మండిందిరా అని నువ్వే అన్నావు. అప్పుడు మందే కదా?"

లూసీ గట్టు మీది గ్లాసు తీసి కడగబోయింది.

"పది రోజులు ఈ సీసా ఈ ఇంట్లో ఉంది. ఎవరు తాగారు?"

"ఇమ్మానూ, అన్నాలు తిని మాట్లాడదాం..."

"నిన్నడగట్లేదక్కా. బావా, నిన్నే."

"నేనే."

"ఏటి?"

"నేనే తాగాను. విన్నావు కదా, మళ్లీ అడక్కు."

"ఏవండీ!"

"నువ్వు మాట్లాడకు లూసీ. లోపలికి పో."

"ఎప్పుడు తాగావు?"

"ఎప్పుడో. షిఫ్టు దిగి వచ్చాక. అక్క చర్చికి పోయినప్పుడు."

"ఎంత?"

"కొంచెం."

"కొంచెమా? సీసా మొత్తం డికాషనే బావా."

"అయితే మొత్తం తాగాను."

"మరి ఇందాక నా మీద అరిచిందేటి? చెయ్యి తీయమన్నదేటి? చెప్పులేసుకుని పోతానన్నదేటి?"

"తాగేవాడికి నాటకమాడటం రాదా?"

"నేను నమ్మాను బావా! చెయ్యి పట్టుకుని ఫస్టు క్లాసన్నాను. నా నోటితో నేనే అన్నాను!"

"కొడితే కొట్టు. అరవకు, పక్కిళ్లవాళ్లు వింటారు."

"కొట్టి ఏం చేసుకోను? నా పిల్లని నేను తీసుకుపోతాను. బొంబాయిలో సిస్టర్ల బోర్డింగు ఒకటుంది, మా ఏజెంటు చెప్పాడు. రేపు మధ్యాహ్నం దుర్గ్‌లో బండి. దాన్ని కూడా ఎక్కించుకుంటాను."

"ఆగరా. ఒక్క నిమిషం ఆగు. పిల్ల ఏం చేసింది? ఎనిమిదేళ్ల దాన్ని బోర్డింగులో పడేస్తావా?"

"నీ దగ్గర పడేసేకంటే నయమే."

"నా దగ్గర కాదు, అక్క దగ్గర. నా మాట విను. నేను ఇంట్లోనే ఉండను. అడిగి నైట్ షిఫ్టులు వేయించుకుంటాను. పగలు వరండాలో పడుకుంటాను. పిల్లని నా స్కూటరెక్కించను. పలకరించొద్దంటే పలకరించను. రాసిమ్మంటే కాయితం మీద రాసిస్తాను. అక్కకియ్యి పిల్లని. నా వల్ల ఒకటి పోయింది దానికి. ఇది కూడా నా వల్లే పోతే అది తట్టుకోలేదురా."

"ఇంత చెప్తన్నావు. ఆ ఒక్కటీ మానలేకపోయావా బావా?"

"లేకపోయాను."

"అక్కా, నువ్వేటి బొమ్మలా నిలబడ్డావు? నీకు తెలుసా ఇది? తెలిసే ఇందాకట్నుంచి అడ్డం పడతన్నావా? పెనిమిటి పరువు కోసం నా పిల్లని..."

"ఇమ్మానూ."

"చెప్పు."

"ఆయన అబద్ధమాడతన్నారు."

"లూసీ, చుప్!"

"ఎన్నాళ్లు చుప్? ఏవండీ, ఇటు చూడండి. మీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"నాకేం తెలుసు? నాకేమీ తెలీదు."

"ఎప్పట్నుంచి?"

"పోయిన క్రిస్మస్ నుంచి. కేకు చేస్తానని మైదా తియ్యమన్నావు. పొరపాటున బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టాను. సీసా తగిలింది."

"మరి అడగలేదేం?"

"ఏ మొహం పెట్టుకుని అడగను నిన్ను?"

"ఏటి మాట్లాడుకుంటన్నారు మీరిద్దరూ? సీసా ఏటి, బియ్యం డబ్బా ఏటి? అక్కా!"

"ఆయన మానేసిన రోజు ఇంట్లో మూడు సీసాలు మిగిలాయిరా. పెరట్లో పారబోసొస్తానని నేనే పట్టుకెళ్లాను. పారబొయ్యలేదు. కళ్లు మూస్తే ఆ స్కూటరు పడటమే కనిపించేది, ఒక మూత తాగితే నిద్ర పట్టేది. మొదట్లో ఒక మూతే. తర్వాత ఆగలేదు, నీ నల్ల సీసాదాకా వచ్చింది. ఆయన పాపం మూడేళ్లుగా చుక్క ముట్టలేదు."

"అక్కా..."

"వినరా. నువ్వు పరీక్ష పెట్టాల్సిన మనిషి ఆయన కాదు. ఆయన డ్యూటీకి పోతే పొద్దస్తమానం ఈ ఇంట్లో ఉండేది నేను. నీ పిల్లకి అన్నం పెట్టేది, బడికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేది నేను. పద తమ్ముడూ, అచ్చమ్మగారు దాన్ని తీసుకొచ్చేలోగా బట్టలు సర్దేద్దాం."