పదహారు కోర్లు, ఒక ఊరి చరిత్ర

థెస్సలోనికిలో ఒక కంప్యూటర్ల దుకాణం. లోపల ముగ్గురున్నారు: దుకాణదారు స్ట్రాటోస్, భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన కిరియాకోస్, ఆయన భార్య ఎవాంథియా.

“...ఇది పదహారు కోర్ల ప్రాసెసర్ మాస్టారూ. ఆటలాడేవాళ్లు, సినిమాలు కూర్చేవాళ్లు తీసుకుంటారు. ఇంతకీ మీ పనేంటి?”

“పుస్తకం రాయాలి స్ట్రాటోస్. మా తాతలు సముద్రానికి అవతల వదిలేసి వచ్చిన ఊరి చరిత్ర. మా ఊరి సంఘం ఏరికోరి నన్నే అడిగింది.”

“అక్షరాలేగా? అయితే ఈ చిన్న ప్రాసెసర్ చాలు. చప్పుడు చెయ్యదు, బ్యాటరీ పొద్దుగూకేదాకా వస్తుంది.”

“‘చాలు’ అనేది కొలత కాదు నాయనా. ఎన్ని వాట్లు తింటుంది? ఎంత వేడెక్కుతుంది? ఇదిగో, నా పట్టిక చూడు.”

“ఈ పట్టిక ఆయనకి పోయినేడాదే చూపించావు కిరియాకోస్.”

“అది వేరు ఎవాంథియా! అందులో ఉన్నవి అప్పటి ప్రాసెసర్లు.”

“అవునమ్మా, మాస్టారు తేల్చేలోపు అవి మ్యూజియంకి వెళ్లిపోయాయి.”

“వెటకారమా? ఋజువు లేకుండా నేను దేన్నీ ఒప్పుకోను. నలభై ఏళ్లు పిల్లలకి అదే చెప్పాను.”

“దెస్పినా పెద్దమ్మకి తొంభయ్యారేళ్లు. ఆ ఊరి గురించి వాళ్లమ్మ చెప్పినవన్నీ గుర్తున్నది ఆవిడొక్కర్తికే. ఈ ఆగస్టు పండక్కి పుస్తకం చేతిలో పెడతానన్నావు.”

“పెడతాను! స్ట్రాటోస్, వచ్చే నెల కొత్త రకం ఏదో వస్తోందటగా?”

“వస్తుంది. ఆపై నెల ఇంకోటి వస్తుంది. మీ ఊరు మాత్రం అదే ఊరు మాస్టారూ.”

“ఇప్పటికి ఎన్ని పేజీలయ్యాయో ఆయనకి చెప్పు కిరియాకోస్.”

“పేజీలని కాదు... మొత్తం నా బుర్రలో ఉంది. ఆ పాత లాప్‌టాప్ మీద రాయమంటావా? అది తెరుచుకునేలోపు కాఫీ కాచుకుని తాగెయ్యొచ్చు.”

“నేను రోజూ చేసేది అదే.”

“నీకేం, వంటకాలు రాసుకుంటావు!”

“వంటకాలా? రెండేళ్లుగా ప్రతి శనివారం పెద్దమ్మ దగ్గర కూచుని రాసుకొచ్చింది వంటకాలనుకున్నావా?”

“మరి... మరి సంఘంవాళ్లు? వాళ్లు నా పుస్తకం కోసం ఎదురుచూస్తున్నారు కదా?”

“పొద్దున్నే ప్రెస్సు నుంచి తెచ్చుకున్నారు. ముందుమాటలో నీకు కృతజ్ఞతలు కూడా చెప్పాను, రెండేళ్లపాటు ఆ కంప్యూటర్ జోలికి రానందుకు.”